పుర్రచేతి హీరో

కొత్తగూడలో డేరా వేసిననాటికి నర్సింహ చేతిలో ఉన్నవి మూడే: ఒక పాత ప్రొజెక్టరు, అతుకుల డేరా, ఒకే ఒక్క బొమ్మ తాలూకు రీళ్లు. నాలుగోది కూడా ఒకటుంది, ఎడమచేతి వాటం. ఊళ్లలో దాన్ని పుర్రచెయ్యి అంటారు. అది లాభమో నష్టమో ఇరవైనాలుగేళ్లుగా తేలలేదు.

రజాకార్ల గొడవ చల్లారిన మరుసటి ఏడు అది. కోతలు అయిపోయి బాలనర్సయ్య పటేలు కళ్లం ఖాళీగా ఉంది. కొండాపూర్ నుంచి, కూకట్‌పల్లి నుంచి బండ్లు కట్టుకొని జనం రావడానికి వీలైన చోటు. నర్సింహ డేరా నడుమ తెర కట్టాడు. పల్చటి మల్లుగుడ్డ, నీళ్లు చల్లితే బొమ్మ రెండు వైపులా కనిపిస్తుంది. ముందువైపు మగవాళ్లు, వెనకవైపు ఆడవాళ్లు. ఒక్క గుడ్డతో రెండు డేరాల పని.

మొదటిరోజు పొద్దుగూకే వేళ పటేలు భార్య చంద్రమ్మ, కూతురు భూలక్ష్మి టికెట్లకు వచ్చారు. నర్సింహ అలవాటుగా ఎడమచేత్తో అందించాడు. చంద్రమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"శుక్రారం పూట పుర్రచేత్తోటి ఇస్తవా? బోణి ఏమైతది?"

"బోణి నాది గదవ్వా, ఫికర్ గూడ నాదే."

"నీ కుడిచెయ్యి ఏమైంది?" అంది భూలక్ష్మి.

"ఉన్నది. దండం పెట్టేటప్పుడు తోడొస్తది."

భూలక్ష్మి నవ్వు ఆపుకుంది. "గీ బొమ్మేదో లోకంలనే పెద్దదని డప్పు కొట్టిస్తున్నవట?"

"ఇప్పటిదాకా వచ్చినవాట్లల్ల ఇదే పెద్దది."

"నువ్వెన్ని జూసినవ్?"

"సికింద్రాబాద్‌ల ఏడేండ్లు మిషిన్ తిప్పిన. నూటపద్దెనిమిది."

"అండ్ల గిదే పెద్దదని ఎట్ల తెలిసె?"

"బీడీలను బట్టి. బొమ్మ జూస్తుంటే మనుషులు గుంజుడు మర్చిపోవాలె, చేతుల్ల బీడీలు వాటంతట అవే ఆరిపోవాలె. గట్ల ఆర్పిన బొమ్మలు నా లెక్కల ఐదు. ఈ బొమ్మల పెండ్లి రీలు కాడ ఒక్క బీడీ గూడ వెలగదు."

"మేం బీడీలు తాగం. మా లెక్కేంది?"

"జూసినంక నువ్వే చెప్పు."

ఆ ఎడమచేతిలోంచే రెండు టికెట్లు లాక్కొని భూలక్ష్మి తెర వెనక్కి వెళ్లింది.

బొమ్మ అయ్యాక వచ్చి తేల్చి చెప్పింది. "కొంగులు. ఒక్క కొంగు పొడిగ లేదు. పెండ్లి రీలు కాడ మా అవ్వ ఇంటికురికి అచ్చింతలు దెచ్చి తెర మీద జల్లింది. పెద్ద బొమ్మనే. గనీ, హీరో నీ లెక్కనే పుర్రచెయ్యని ముందుగాల చెప్పలేదేంది? అన్నం గూడ పుర్రచేత్తోనే కలిపిండు!"

నర్సింహ చేతిలో రీలు జారబోయింది. హీరోది కుడిచెయ్యే. తెర వెనకనుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, అంతే. కానీ సరుకు మెచ్చినవాళ్లకు వంక చూపించే వ్యాపారి ఎవడు? నోరు మూసుకున్నాడు.

ఆ తర్వాత భూలక్ష్మి రోజూ వచ్చింది. ఒకరోజు డేరా గుంజకు మేకను కట్టేయడానికి, ఒకరోజు రేగుపండ్లు ఇవ్వడానికి, ఒకరోజు ఏ పనీ లేకుండానే. ఆయన రీళ్లు తిరగచుడుతూ మిగిలిన నాలుగు పెద్ద బొమ్మల కథలూ చెప్పాడు. ఆమె ప్రతిదానికీ వంక పెట్టింది.

"గా రాజుకు బుద్ధి లేదు. నేనైతే చిట్టి రాయక సీదా పోయి అడుగుదు."

"నువ్వుంటే బొమ్మ రెండు రీళ్లకే ఒడుస్తుండె."

"మంచిదే గదా, నీకు మోత తప్పుతది."

అలా ఆమె మాట్లాడుతుండగా తొమ్మిదోరోజున నర్సింహ తన వేళ్లకేసి చూసుకున్నాడు. ముట్టించిన బీడీ ఎప్పుడో ఆరిపోయింది. ఏడేళ్ల అనుభవంలో దానికి ఒకటే అర్థం.

మర్నాడు వెళ్లి పటేలును అడిగాడు. కులం కలిసింది. నర్సింహ పుట్టింది కూకట్‌పల్లిలోనే. అడ్డం ఒక్కటే.

"పుర్రచేత్తో తాళి గడ్తే ఇల్లు నిలుస్తదా?" అన్నాడు బాలనర్సయ్య.

"బొమ్మల హీరో కట్టలేదా నాయినా?" లోపలినుంచి భూలక్ష్మి గొంతు. "ఊరంత ఏడ్చి దీవించె."

"నిజమేనా? సరే, ఇయ్యాల నేనొచ్చి జూస్త. గంత పెద్ద బొమ్మలనే ఉంటే నాకేం పరేషాన్? పిల్లనిస్త."

ముందువైపు కూర్చుంటే పటేలుకు కనబడేది కుడిచెయ్యేనని నర్సింహకు తెలుసు. కుర్చీ తెర వెనక వేస్తే చాలు. అటువైపు గాలి బాగా తగులుతుందంటే పటేలు నమ్ముతాడు. సాయంత్రం కుర్చీ పట్టుకొని తెర పక్కన చాలాసేపు నిలబడ్డాడు. కల్తీ సరుకు అమ్మి ఊరు మారొచ్చు. అత్తగారి ఊరు మారడం కుదరదు. కుర్చీ తెచ్చి ముందువైపే వేశాడు.

బొమ్మ అయిందో లేదో మొగుడూపెళ్లాలు తెర అంచు దగ్గర ఎదురుపడ్డారు.

"కుడిచెయ్యే!" అన్నాడు పటేలు.

"పుర్రచెయ్యే! పది దినాల్సంది జూస్తున్న."

"నీ కండ్లకు పొరలొచ్చినయ్."

"నీకే వచ్చినయ్. ఓ సారి దవాఖానకు పో!"

నర్సింహ పెళ్లి రీలు మళ్లీ ఎక్కించాడు. తర్వాత పటేలును తెర అంచున నిలబెట్టి, ముందు ఇటువైపు, ఆ వెంటనే అటువైపు చూపించాడు. ఒకే చెయ్యి ఇటు కుడి, అటు ఎడమ.

"హీరోది కుడిచెయ్యే పటేలా. నాకు మొదటిరోజే ఎరికె. చెప్పలే. తప్పు నాదే."

భూలక్ష్మి ముఖం చూడలేక తల దించుకున్నాడు.

"నాకూ ఎరికె," అంది ఆమె.

"ఎప్పటిసంది?"

"మొదటిరోజు నుంచే. బొమ్మల ఆడోళ్లందరు మార్వాడీ సేటమ్మల లెక్క కుడిభుజం మీద కొంగేసుకుంటరా? మీ మగోళ్లు చేతులు జూస్తరు, మేం చీరెలు జూస్తం."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు చెప్తవా లేదా అని జూసిన," అంది. వెంటనే గొంతు తగ్గించింది. "గదీగాక, చెప్తే నాయిన ఒప్పుకుంటడా?"

పటేలు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చంద్రమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నాకు ఎరుక లేదు గనీ ఒక్క మాట. పది దినాలు పుర్రచేతి పెండ్లే అనుకొని అచ్చింతలు ఏసిన. ఏ ఇల్లు కూలింది? నా దీవెనలు ఉత్తగ పోనియ్య."

పటేలు ముట్టించిన బీడీని వేళ్ల మధ్య అలాగే పట్టుకొని నర్సింహ వైపు తిరిగాడు.

"ఇంతకూ తాళి ఏ చేత్తోటి గడ్తవ్‌ర?"

"ముడి పడాలంటే రెండు చేతులు గావాలె, మామా."

పటేలా అన్న పిలుపు మామా అయిన సంగతి పటేలు గమనించాడో లేదో తెలియదు. బీడీ నోట్లో పెట్టుకొని గుంజాడు. పొగ రాలేదు.

"ఆరిపోయింది," అన్నాడు. "అగ్గిపెట్టె ఉన్నదా?"

నర్సింహ ఎడమచేత్తో అందించాడు. పటేలు తీసుకున్నాడు.

కొత్తగూడలో డేరా ఎత్తేనాటికి ప్రొజెక్టరు అదే, బొమ్మా అదే. డేరాకు రెండు చిరుగులు ఎక్కువయ్యాయి. మల్లుగుడ్డ మాత్రం పోయింది. పెళ్లిలో పెళ్లికొడుక్కీ పెళ్లికూతురికీ మధ్య అడ్డుతెరగా దాన్నే పట్టుకున్నారు. పసుపు మరకలు పడి బొమ్మకు పనికిరాకుండా అయింది. దానికి బదులు, తెరకు అటువైపు ఏం కనబడుతుందో చెప్పే మనిషి బండిలో పక్కన కూర్చుంది. ఆయనకు ఎడమవైపున.