నల్లటి ఆకాశానికి నీలి రంగు

"అయ్యో! మసి పడి బొమ్మంతా ఖరాబైంది!"

డాబా మీద ఆరేసిన బట్టలు తేవడానికి వెళ్లిన సునీత ఉలిక్కిపడింది. నీళ్ల ట్యాంకు పక్కన లింబాద్రి కాక వేసిన బొమ్మ ఆరుతోంది. అట్ట మీద మేడలు, ట్యాంకు, దాని పక్కన నిలబడ్డ కాక, అన్నీ బాగానే ఉన్నాయి. ఆకాశం మాత్రం నల్లగా ఉంది.

ఆ ఏడాది సౌదీలోని జుబైల్‌లో మసి పడడం వింతేమీ కాదు. గల్ఫ్ యుద్ధం ఆగి రెండు నెలలైనా కువైట్‌లో చమురు బావులు మండుతూనే ఉన్నాయి. గాలి ఇటు తిరిగితే చాలు, పట్టపగలే కార్లు లైట్లు వేసుకునేవి. తెల్ల చొక్కా ఆరేస్తే బూడిద రంగు చొక్కా చేతికొచ్చేది.

సునీత ఐదో తరగతి. రేపు శనివారం క్లాసులో సెజాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడి గురించి మాట్లాడాలి. పొద్దుటి నుంచి బట్టీ పడుతోంది. "వాళ్ల నాన్న లాయరు కమ్మంటే ఆయన బ్రష్షు పట్టాడు. జనం ఆయన బొమ్మలు చూసి నవ్వారు. అయినా మానలేదు. తన ఊరి దగ్గరి కొండను మళ్లీ మళ్లీ చూసి, మళ్లీ మళ్లీ వేశాడు. యాభై దాటాక గానీ పేరు రాలేదు." ఒక్క ముక్క తప్పడం లేదు.

అంత తెలిసిన పిల్లకు మసి పడిన బొమ్మను బాగుచేయడం ఒక లెక్కా?

కాక కంపెనీలో పెయింటరు. సునీత వాళ్ల కింది గదిలోనే ఉంటాడు. ఆయన రంగు డబ్బాలు డాబా మీదే, బొమ్మ పక్కనే ఉన్నాయి. సునీత నీలి రంగు తీసి ఆకాశమంతా పూసింది. రెండు తెల్ల మబ్బులు దిద్దింది. ఎవరూ అడక్కపోయినా నాలుగు పక్షులను కూడా ఎగరేసింది.

కాక టీ గ్లాసుతో పైకి వచ్చాడు. బొమ్మ చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఎవరేసిండ్రు ఇది?"

"నేనే కాకా! మసి పడి ఖరాబైతే మంచిగ చేసిన."

కాక ట్యాంకుకు ఆనుకుని కూలబడ్డాడు. "అది మసి కాదు బిడ్డా. నేనే ఏసిన. మూడు శుక్రవారాలు కూసొని ఏసిన."

"నల్లగ ఎందుకేసినవ్ కాకా?"

"మా బిడ్డ ఊర్మిల ఉత్తరం రాసింది. ఆడ పట్టపగలు చీకటైతదట, అసలు నువ్వున్నవా నాయినా, నీ పేరు మీద ఇంకెవలన్న రాస్తుండ్రా అని అడిగింది. నాకు రాయరాదు, ఎవలతోనన్న రాయిస్త. బయట కెమెరా పట్టుకుంటే పోలీసోళ్లు ఊకోరు. నా చేతి బొమ్మయితే ఊర్మిల గుర్తువడ్తది. చిన్నప్పుడు పలక మీద బొమ్మలన్ని నేనే ఏసిచ్చేది. అందుకే ఉన్నదున్నట్టు ఏసిన. నాలుగింటికి మా కంపెనీ దేవన్న ఛుట్టీ మీద ఊరికి వోతుండు, ఆయనతోని పంపుదామనుకున్న." కాక తడి నీలం మీద వేలు ఆనించాడు. "గీ నీలం ఆకాశం జూస్తే నా బిడ్డ నమ్ముతదా?"

సునీత ఇంతసేపూ బొమ్మనే చూసింది. తలెత్తి ఆకాశాన్ని ఒక్కసారీ చూడలేదు. ఇప్పుడు చూస్తే అది కాక వేసినంత నల్లగానే ఉంది.

"తప్పయింది కాకా," అంటూ ఏడ్చేసింది. "మల్ల ఏస్తవా? గంటన్నర ఉంది."

"మూడు వారాల పని గంటన్నరల అయితదా?" అన్నాడు గానీ, కాక లేచి ఇంకో అట్ట తెచ్చాడు.

బొమ్మ మీద మసి పడకుండా సునీత గొడుగు పట్టుకుంది. చేతులు గుంజుతున్నా దించలేదు. "బట్టలేవే?" అని కింది నుంచి అమ్మ కేకేసినా కదల్లేదు. మేడలు వచ్చాయి. ట్యాంకు వచ్చింది. దాని పక్కన కాక నిలబడ్డాడు.

"నల్ల డబ్బా ఇయ్యి బిడ్డా."

సునీత డబ్బా మీద చెయ్యి వేసి ఆగింది. మళ్లీ పైకి చూసింది. ఈసారి చాలాసేపు చూసింది.

"కాకా, సూర్యుడున్న దిక్కు జూడు. మసి అంచుకు ఎర్రగ లేదూ?"

కాక కళ్లు చిట్లించాడు. "ఉన్నదే! నాకు కనవడనే లేదు."

నాలుగింటికి దేవన్న పైకి వచ్చాడు. తడి బొమ్మను రెండు చేతుల మీద పట్టుకుని నవ్వాడు. "ఇదేంది లింబాద్రీ? మసిల ఎరుపు ఏడిది? ఎవలు నమ్ముతరు?"

లింబాద్రి కాక జవాబు చెప్పేలోగా సునీత ముందుకు వచ్చింది.

"తల ఎత్తి జూడు పెదనాయినా. జూసినంక చెప్పు."

దేవన్న తల ఎత్తాడు. ఎంతసేపటికీ దించలేదు.