మొక్కకు గుండు

ఆ పొద్దున ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక మూతి ముడుచుకుని ఉంది. పెరట్లో పిచ్చుక మూతీ అలాగే ఉంది.

పిచ్చుక అంటే పిట్ట కాదు. ఒకచోట నిలవని ఆ పిల్లకు నాన్న పెట్టిన పేరు.

వంగనారు వేయాల్సిన మడిలో ఎవరూ నాటని మొక్క ఒకటి మొలిచింది. ఆకుల అంచులకు రంపం పళ్లు, కాడకు ఎర్రటి నూగు.

"ఆదివారం మడి తవ్వుతా. ఈలోగా అదేం మొక్కో తెలిస్తే సరి, లేదంటే పీకేస్తా" అన్నాడు నాన్న.

ఇక పిచ్చుక కాలు నిలవలేదు. వెనకాలే తోకలా తమ్ముడు.

ఒక ఆకు తుంచి పక్కింటి అత్తయ్యకు చూపింది.

"కలుపు" అందావిడ.

ఇంకో ఆకు మందుల షాపాయన ముందు పెట్టింది.

"డాక్టర్ చీటీ ఏదీ?" అన్నాడాయన తలెత్తకుండానే.

అమ్మ ఫోన్లో ఫొటో తీస్తే, అది ఒకసారి పుదీనా అంది, ఇంకోసారి గులాబీ అంది.

"ఒక్కళ్లకీ తెలీదు! ఏం మనుషులమ్మా!"

"మనుషుల సంగతి సరే, దానికి గుండు కొట్టేశావు కదే!" అంది అమ్మ.

శనివారం, దానికున్న ఒక్కగానొక్క మొగ్గను తుంచి స్కూలుకు పట్టుకెళ్లింది.

సైన్స్ టీచర్ వాడిపోయిన మొగ్గను అరచేతిలో తిప్పి చూసింది.

"పువ్వు చూస్తే చెప్పేస్తాను. చెట్టున ఇంకో మొగ్గ ఉందిగా? విచ్చుకున్నాక పిలువు, నేనే వస్తా."

"ఇదొక్కటే టీచర్."

టీచర్ మొగ్గను మళ్లీ పిచ్చుక చేతిలోనే పెట్టింది.

ఆదివారం నాన్న పార పట్టుకొచ్చేసరికి ఆ బోడి కాడ చుట్టూ ఇటుకలున్నాయి. పక్కనే పిచ్చుక గొంతుక్కూర్చుని ఉంది.

"పేరు తెలిసిందా?"

"లేదు."

"మరి ఈ కోట ఎందుకు?"

"పూసి తన పేరు అదే చెప్పబోయింది నాన్నా. నేనే తుంచేశాను. ఇంకొక్కసారి పూయనీ. ముట్టుకోను."

"నీతో వేగలేనే తల్లీ!" అని నాన్న పార ఎత్తాడు. ఇటుకలకు జానెడు అవతల దించాడు.

మధ్యాహ్నం నలుగురూ కంచాల ముందు కూర్చున్నారు. తలుపులోంచి ఆ కాడ కనిపిస్తోంది. దాని చివర మిగిలిన రెండాకులు గాలికి ఊగుతున్నాయి.

తమ్ముడు వాటికేసి చూస్తూ లేవబోయాడు. పిచ్చుక ఎడమ చేత్తో వాడి చొక్కా పట్టి కూర్చోబెట్టింది.

చినుకులు మొదలయ్యాయి. నలుగురూ తింటూ అటే చూస్తున్నారు.