భాగీరథి మొలతాడు

ఆ రోజు పొద్దున మనవరాలికి స్నానం చేయిస్తూ శరణమ్మ మొలతాడు కింద వేలు పెట్టి చూసింది. వేలు దూరలేదు. వెండి మొలతాడు మళ్లీ నడుముకు పట్టేసింది, బుగ్గలు నిండాయి. హమ్మయ్య, పిల్ల దక్కింది అనుకుంది ఆ పిచ్చితల్లి.

భాగీరథికి పదేళ్లు. చూసేవాళ్లు ఐదేళ్లంటారు. మొలతాడు కూడా ఐదో ఏట చేయించిందే. ఎదగడానికి ఒంట్లో ఊరాల్సిన హార్మోను ఆ పిల్లకు ఊరడం లేదని హైదరాబాదు దవాఖానలో తేల్చారు. పైదేశం నుంచి కొద్దిగానే వచ్చి, దవాఖానలో వరస ప్రకారం పిల్లలకు పంచే ఆ మందు వారానికి మూడు సూదులు వేయాలి. అల్లం వ్యాపారం చేసే కొడుకు బస్వరాజ్, చిరాగ్‌పల్లి బడిలో పంతులమ్మ అయిన కోడలు మనోరమ ఆ సీసాల కోసమే ఇంటికి ఫ్రిజ్ తెచ్చారు. జహీరాబాదులో ఎనభై రెండో సంవత్సరంలో అది చిన్న సంగతి కాదు. వాళ్లిద్దరూ పనులకు వెళ్లాక కాంపౌండర్ నర్సప్ప వచ్చి సూది వేసేవాడు. పిల్లను పట్టుకునేది శరణమ్మే.

మొదటి ఎనిమిది నెలల్లో పిల్ల కరిగిపోయింది. శరణమ్మ కళ్లకు అదే కనిపించింది. బుగ్గలు పోయాయి, పొట్ట అణిగింది, మొలతాడు తుంటి మీదికి జారింది. లంగా పొట్టిదైందని మనోరమ మురిసిపోతూ అంచు విప్పుతుంటే, శరణమ్మ ఆ సన్నని పిక్కలకేసి చూసి భయపడేది. పక్కింటి సీతాబాయి "పిల్లకు క్షయ గిట్ల పట్టిందా, జర చూపియ్యున్రి" అన్న రోజు శరణమ్మకు ముద్ద దిగలేదు. తన సొంత కూతురు సంగమ్మ ఎనిమిదో ఏట ఇలాగే బుగ్గలు పోయి, ఇలాగే మొలతాడు జారి, నెల తిరక్కుండా తన చేతుల్లోనే పోయింది.

కొడుకుతో చెప్పుకుని ఏడిస్తే "డాక్టరు కన్న నీకెక్కువ తెల్సా?" అని కసిరాడు. కసరడానికి ఉన్న తీరిక కూర్చోబెట్టి చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

మరునాడే ఆమె నర్సప్పను గుమ్మంలో ఆపేసింది.

"డాక్టర్‌సాబ్ సూదులు ఆపుమన్నడు నర్సప్పా. మళ్ల కబురు చేస్త."

"మంచిది పెద్దమ్మా" అని అతను సైకిలెక్కాడు. అప్పటి నుంచి నాలుగు నెలలు, సూది రోజున ఒక్కో సీసా తీసి పెరటి కాలువలో ఒంపేసింది. ఎవరికీ చెప్పొద్దని పిల్లను బతిమాలింది.

ఆ రోజు పొద్దున స్నానం చేయించింది పిల్లను తల్లితో డాక్టరు దగ్గరికి పంపడానికే. సాయంత్రం వాడిన ముఖంతో బస్సు దిగి వచ్చిన కోడలికి శరణమ్మ ఎదురెళ్లింది.

"ఏమన్నడు డాక్టరు?"

"మందు ఇంక ఇయ్యనన్నడు అత్తమ్మా. ముందుగాల ఎనిమిది నెలల్ల మూడు ఇంచులు పెరిగింది. ఈ నాలుగు నెలల్ల నూలుపోగంత గూడ లేదు. పిల్ల ఒంటికి మందు పడ్తలేదని రాసిండు. మన సీసాలు వరంగల్ పిల్లగానికి రాసిచ్చిండు."

"పోనీ బిడ్డా. ఆ సూదులు పిల్లను పీక్కతిన్నయి. ఇప్పుడే జర నిండుగున్నది."

"నిండుగుండుడే రోగం అత్తమ్మా!" మనోరమ అరిచింది. "గీ రోగమున్న పిల్లలకు కొవ్వు పేరుకుంటదట. మందు పడితే ముందుగాల కొవ్వు కరుగుతది, కండ కడతది, ఎముక సాగుతది. సన్నగయిందంటే పెరుగుతున్నట్టేనట. ఇయ్యాల బుగ్గలు చూడంగనే డాక్టరు తల అడ్డంగ ఊపిండు."

శరణమ్మకు ఇప్పుడు అర్థమైంది. సంగమ్మ ఒళ్లు వేరు, ఈ పిల్ల ఒళ్లు వేరు. చావు అనుకుని తాను ఆపేసింది ఎదుగుదలను. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు, తప్పంతా మందు మీదికే పోతుంది. కానీ మందు పట్టని పిల్ల అని రాసుకున్నాక ఇక ఏ డాక్టరు సూది ఇస్తాడు?

"మందు పట్టక గాదు" అంది. "నేనే... నేనే కాల్వల పోసిన."

పని నుంచి వచ్చిన బస్వరాజ్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. తల్లి మీదికి వచ్చాడు. "నా బిడ్డ ఎత్తును కాల్వల పోసినవా అమ్మా? కొడుకుననైనా అడగొద్దా?"

"చెప్పిన గదరా! ఏడ్సుకుంట చెప్పిన. ఇన్నవా నువ్వు?"

  తలుపు దగ్గర నుంచి భాగీరథి అంది: "అవ్వను తిట్టకు బాపూ. నాకెరుకనే. అవ్వ ఏడుస్తదని చెప్పలే. బడిల బోర్డు అందనీకి ఇంక బెత్తెడే తక్కువుండె."

ఆ బెత్తెడు మాటకు శరణమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది.

మరునాడు మొదటి బస్సుకు కొడుకుతో తనూ వెళ్లి డాక్టరు కాళ్ల మీద పడింది. ఆయన రాసింది కొట్టేశాడు, అంతవరకే. వరంగల్ పిల్లవాడికి మొదలైన మందు ఆపడం కుదరదు. భాగీరథి పేరు వరసలో చివరికి పోయింది. ఏడాది పట్టొచ్చు, రెండేళ్లు పట్టొచ్చు.

ఎనిమిది రోజులు మనోరమ అత్తతో మాట్లాడలేదు. తొమ్మిదో నాడు జొన్నరొట్టె కంచంలో వేసి పక్కన కూర్చుంది. "నీ భయమేందో ఎన్నడూ అడగలే, డాక్టరు చెప్పిన సంగతులు నీకు చెప్పలే. తప్పు నాది గూడ అత్తమ్మా" అంది. ఇద్దరూ రొట్టె ముట్టకుండానే ఏడ్చారు.

ఆ పూట శరణమ్మ పిల్ల నడుముకు పట్టిన మొలతాడు కొక్కెం విప్పింది. చర్మం మీద ఎర్రగా గీత పడి ఉంది. దాన్ని మెల్లగా రుద్దింది.

"అవ్వా, మందొస్తే నేను మళ్ల సన్నగైత. అప్పుడు భయపడ్తవా?"

"భయపడ బిడ్డా" అంది శరణమ్మ. "సన్నగ కావాలె బిడ్డా, జల్ది సన్నగ కావాలె" అంటూ ఆ బొద్దు బుగ్గలు రెండు చేతుల్లో పట్టుకుని బావురుమంది.