రద్దయిన కచేరీకి ఒక ప్యాచ్

ముందుగా క్షమించాలి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. మా ఆయన పోయాక, దుకాణంలో కొలతలు రాసుకోవడానికి పనికొస్తాయని మా మనవరాలు కూర్చోబెట్టి నేర్పింది. ఒత్తులు ఇప్పటికీ జారిపోతాయి. ఒక పేజీ నిండేలోపు పక్కన పెట్టుకున్న టీ చల్లారిపోతుంది. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. ఇది ప్రేమకథే. కాకపోతే ఇందులో ప్రేమకన్నా అనుమానం ఎక్కువ. ఆ అనుమానంలో సగం నాదే.

మాది బట్టలు బాగుచేసే దుకాణం. చిరిగినవి కుడతాం, వదులైనవి బిగిస్తాం, జిప్పులు మారుస్తాం. మిషన్ దగ్గర మనవరాలు, బొత్తాల డబ్బాల దగ్గర నేను. దాని మాట పదును చూసి వీధంతా దాన్ని సూది అంటారు.

సూదికి మనుషుల మీద నమ్మకం పోయింది. ఒకడు ఏడాదిపాటు ఫోన్‌లో తేనె ఒలకబోసి, చివరికి ఇంకో అమ్మాయి పక్కన నిలబడి నిశ్చితార్థం ఫొటో పెట్టాడు. అప్పట్నుంచి పాలవాడు తలుపు కొట్టినా ఐడీ కార్డు చూపించమంటుంది. ఇంకోసారి అలా మోసపోతే అది మళ్ళీ ఎవరికీ తలుపు తీయదని నాకు భయం.

ఒక సాయంత్రం కుండపోతగా వాన. కరెంటు పోయింది. గుమ్మం ముందు రేకుల కింద హోటలు వాళ్ళ తెల్ల బల్లగుడ్డలు ఆరేశాం. సూది కిటికీ వెలుతురులో తొక్కుడు మిషన్ మీద పని కానిస్తోంది. గుమ్మంలో ఎవరో రెయిన్‌కోటుతో వచ్చి నిలబడ్డారు.

"ఇదేమన్నా బస్టాపా?" సూది తలెత్తకుండానే అరిచింది. "పక్కన తెల్లబట్ట ఉంది, మీరు కారుతున్నారు. కాస్త అవతలికి వెళ్ళి కారండి."

"సారీ అండీ," అని ఆ మనిషి నిజంగానే వానలోకి జరిగాడు.

కాసేపటికి దానికే జాలేసినట్టుంది. గుడ్డముక్క ఒకటి గుమ్మంలోంచి విసిరింది. పసుపు మీద ఎర్రపూల గుడ్డ, ఎవరిదో కర్టెన్ కుట్టగా మిగిలింది. "తుడుచుకోండి. తిరిగివ్వక్కర్లేదు," అంది. మళ్ళీ మిషన్ తొక్కింది. వాన తగ్గేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆ సంగతి ఇద్దరం మర్చిపోయాం.

తర్వాత కొన్నాళ్ళకి నల్లచొక్కా వచ్చాడు. ఎప్పుడూ అదే రంగు వేసుకుంటాడని మేం పెట్టిన పేరు అది.

చేతుల్లేని పాత జీన్స్ జాకెట్ ఒకటి బల్ల మీద పరిచాడు. పక్కన గుడ్డ ప్యాచ్‌లు పెట్టాడు. ఒకదాని మీద పుర్రె, ఒకదాని మీద కాలిపోతున్న కోట, ఇంకోదాని మీద నాలుక చాపిన మేక.

"ఎవరి మీద కక్ష?" అంది సూది.

"కక్ష కాదండీ, మ్యూజిక్. హెవీ మెటల్. ఇవి బ్యాండ్ల ప్యాచ్‌లు."

"మీరేం చేస్తుంటారు?"

"ఆస్పత్రిలో చెవుల పరీక్ష చేస్తానండీ."

సూది నా వైపు చూసింది. నేను ఊరుకోలేకపోయాను. "ముందు ఈ పాటలు వినిపించి చెవులు పోగొట్టి, తర్వాత పరీక్షకి రమ్మంటావా బాబూ? వ్యాపారం బాగానే ఉంది."

అతను జేబులోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల చెవుల్లో పెట్టుకునే బిరడాలు. "నేను ఇవి లేకుండా కచేరీకి వెళ్ళను మామ్మగారూ."

"టికెట్ కొనుక్కుని వినడానికి వెళ్ళి చెవులు మూసుకుంటారా?" అంది సూది.

"ఎక్కువకాలం వినాలని ఉంది కదండీ."

జవాబు బాగానే ఉంది. అందుకే సూదికి నచ్చలేదు. అతను వెళ్ళాక, "అమ్మమ్మా, ఇతని మీద ఓ కన్నేసి ఉంచు," అంది. చెప్పక ముందే వేశాను.

అతని జాకెట్‌కి ఓ పద్ధతి ఉంది. ఆ ఏడాది వచ్చిన ఆల్బమ్‌లలో బాగా నచ్చినవి ముందువైపు. వెళ్ళి నిలబడి విన్న కచేరీలు వీపువైపు. వెళ్ళని కచేరీ ప్యాచ్ తగిలించుకుంటే వాళ్ళలో పరువు పోతుందట. వీపు మధ్యలో అరచేయంత జాగా ఖాళీగా ఉండేది. అది ఆ ఏడాదికే బెస్ట్ కచేరీకి. ఏడాది చివర్లో గానీ నింపకూడదు.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చేవాడు. కొత్త ప్యాచ్ ఉండేది, లేదా పాతది ఊడిపోయి ఉండేది. సూది కుడుతుంటే స్టూలు మీద కూర్చుని వాగేవాడు.

"ఈ ఏడాది ఇనుప నాలుక వాళ్ళ ఆల్బమ్ నంబర్ వన్ అండీ. మొదటి పాట మొదలవగానే గోడ కూలినట్టుంటుంది."

"గోడ కూలితే మేస్త్రీని పిలవాలి, పాట ఎందుకు?"

"రెండోది బూడిద గంట. చాలా స్లో. ఒక్క పాటే అరగంట."

"అరగంటలో నేను ప్యాంటు కుట్టి ఇస్తాను."

"అందుకే మీరంటే గౌరవం అండీ."

సూది తల వంచుకుని దారం కొరికింది. నవ్వు కనపడకుండా అలా చేస్తుంది, నాకు తెలుసు.

ఒకరోజు అతని ఫోను నా చెవికి ఆనించి పాట పెట్టాడు. కొన్నేళ్ళుగా నాకు సన్న గొంతులు వినపడవు. రేడియోలో ఆడవాళ్ళు పాడితే పెదాలు ఆడించినట్టే ఉంటుంది. ఆ పాట మాత్రం ఛాతీలోకి దిగింది. ఎవడో లోపల పెద్ద ట్రంకుపెట్టె ఈడుస్తున్నట్టుంది.

"వినపడుతోందా మామ్మగారూ?"

"వినపడుతోంది. ఎందుకంత కోపంగా ఉన్నాడు?"

"కోపం కాదండీ, వాళ్ళావిడ పోయిందన్న దిగులు."

పాట అయిపోయేదాకా ఫోను తిరిగివ్వలేదు.

అంతమాత్రాన అనుమానం పోలేదు. ఒకసారి ఊడిన మేక ప్యాచ్‌ని కిటికీ దగ్గర పట్టుకు చూశాను. దారం అరిగి తెగితే కొస పీచులా విచ్చుకుంటుంది. ఇక్కడ కొసలన్నీ నున్నగా ఉన్నాయి. బ్లేడుతో కోసినవి. ఇంతకుముందు ఊడిన పుర్రె కూడా అంతే. మేము కుట్టింది ఇతనే కోసి మళ్ళీ తెస్తున్నాడు. ఎందుకు? సూదికి చూపించాను. దాని మొహంలో రంగు మారింది.

"చూశావా, ఏదో ఉంది," అంది. సంతోషంగా అనలేదు.

ఏడాది చివరికొచ్చింది. ఆఖరి ప్యాచ్‌లు కుట్టమని జాకెట్ ఇచ్చి వెళ్ళాడు. అదే వారం కొరియర్ కుర్రవాడొకడు బ్యాగు జిప్పు బాగుచేయించుకోవడానికి వచ్చాడు. గుబురు గడ్డం, వాడి ఒంటి మీదా అలాంటి జాకెట్టే. బల్ల మీదున్నది చూసి ఆగిపోయాడు.

"ఇదెవరిది? మావాళ్ళెవరూ టైలర్‌కివ్వరే. వేళ్ళకి పొడుచుకుంటూ ఎవరిది వాళ్ళే కుట్టుకుంటాం. అదే గొప్ప." వీపువైపు తిప్పాడు. మధ్య ఖాళీకి ఆనించి గుండుసూదితో గుచ్చిన తుప్పు అనే బ్యాండు ప్యాచ్ చూసి నవ్వేశాడు. "ఇదా బెస్ట్ కచేరీ? ఆ రోజు వానకి స్టేజీ మునిగిపోయింది. ఒక్క తీగ మోగలేదు. గేటు దగ్గర ప్యాచ్‌లు మాత్రం అమ్మారు. ఎవడో ఫేక్‌గాడు అక్కా."

గడ్డం వెళ్ళిపోయాక సూది చాలాసేపు మిషన్ తొక్కలేదు.

"పోనీలే అమ్మాయ్," అన్నాను.

"ఏం పోనీ? చిన్న అబద్ధం ఆడినవాడికి పెద్దది ఎంతసేపు?"

మర్నాడు నల్లచొక్కా వచ్చాడు. సూది జాకెట్ మడిచి బల్ల మీద పెట్టింది.

"కుట్టలేదు. తీసుకెళ్ళండి."

"ఏమైందండీ?"

"తుప్పు కచేరీ ఎలా జరిగింది?"

అతను కాస్త తడబడ్డాడు. "జరగలేదండీ."

"వెళ్ళి నిలబడిందే కుట్టాలన్నారు కదా. మరి ఎక్కడ నిలబడ్డారు?"

"ఇక్కడే."

"ఇక్కడంటే?"

వేలితో గుమ్మం వైపు చూపించాడు. "ఆ రేకుల కింద. కచేరీ రద్దయిందని తిరిగొస్తుంటే వాన పెద్దదైంది. పైన రేకుల మీద డ్రమ్స్. లోపల మీ తొక్కుడు మిషన్, రెండు కాళ్ళతో వాయించే పెద్ద డ్రమ్ములాగా. అంతలో వోకల్స్ మొదలయ్యాయి."

"వోకల్స్ ఏంటి?"

"'ఇదేమన్నా బస్టాపా? అవతలికి వెళ్ళి కారండి,' అని."

"అంటే నా గొంతు ఆ రాక్షసుల గొంతులా ఉందంటారా?"

"మా వాళ్ళలో అంతకన్నా పెద్ద పొగడ్త లేదండీ. ఈ ఏడాది విన్నవాటిలో బెస్ట్ అదే. నేను నిలబడే విన్నాను, తడుస్తూ."

"ఎవరైనా చెప్పి ఉంటారు మీకు."

"ఎవరు చెబుతారండీ, ఉన్నది మీరిద్దరే," అంటూ బ్యాగులోంచి చిన్న మడత తీశాడు. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది. పసుపు మీద ఎర్రపూలు. "తిరిగివ్వక్కర్లేదన్నారు, అందుకే ఇవ్వలేదు."

సూది ఆ గుడ్డని వేళ్ళతో తడిమింది. అంచున అడ్డదిడ్డంగా పడిన కత్తెర గాటు తను వేసిందే. ఆ గాటున్న ముక్క మా దుకాణంలోంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ వచ్చే అవకాశం లేదు.

సూది మెత్తబడుతోందని నాకు తెలిసింది. కానీ నా లెక్క ఇంకా మిగిలే ఉంది. "మరి దారాలు బ్లేడుతో ఎందుకు కోశావు బాబూ?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అన్నీ గట్టిగా ఉంటే మళ్ళీ రావడానికి పనేముంటుంది మామ్మగారూ."

"మీవాళ్ళు ఎవరిది వాళ్ళే కుట్టుకుంటారట కదా," అంది సూది.

"అవునండీ. నాకూ వచ్చు. ఈ సంగతి తెలిస్తే నన్ను వెలివేస్తారు."

"ముందే చెప్పొచ్చు కదా."

"మీరు పాలవాణ్ణి ఐడీ అడగడం చూశానండీ. నా దగ్గర ఆస్పత్రి కార్డు తప్ప ఏమీ లేదు."

సూది ఈసారి దారం కొరకలేదు. నవ్వు దాచుకోలేదు. చెయ్యి చాపి, "ఏదీ, ఆ కార్డు చూపించండి," అంది. అతను మెళ్ళోంచి తీసి ఇచ్చాడు. అది ఫొటో చూసింది, మొహం చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. తర్వాత గుండుసూది తీసేసి తుప్పు ప్యాచ్‌ని పక్కకి జరిపింది. వీపు మధ్య ఖాళీలో ఆ పూలగుడ్డ పరిచింది.

"పుర్రెల మధ్య పూలు. మీవాళ్ళు నవ్వుతారు."

"నవ్వనివ్వండి."

"ఇది మళ్ళీ కోసుకొస్తే ఊరుకోను," అంటూ మిషన్ కింద పెట్టింది. కుట్టు మీద కుట్టు వేసింది. విప్పాలంటే జాకెట్ చింపాల్సిందే.

నాకు మాత్రం ఇంకా ఒక అనుమానం మిగిలింది. అది తీరాలంటే ఒకటే దారి. "బాబూ, వచ్చే కచేరీకి నాకూ టికెట్ తీసుకో. ముందు నా చెవులు పరీక్ష చెయ్యి," అన్నాను. వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దవాళ్ళ ఒప్పుకోలు ఇలా కూడా ఉంటుందని వాళ్ళకప్పుడు అర్థమైంది.

కచేరీలో అతను సూదికి బిరడాలు పెట్టుకోవడం నేర్పాడు. ముందు పెట్టింది సూది చెవిలోనే, నా చెవిలో కాదు. చూశాను. జనం అరుస్తుంటే సూది కూడా అరిచింది. అతను చెప్పింది అబద్ధం కాదని అప్పుడు ఒప్పుకున్నాను. దాని గొంతు నిజంగానే భయంకరం.

నా చేతిసంచికి ఒక ప్యాచ్ ఉంది. వెళ్ళి నిలబడి విన్నాను కాబట్టి నాకు హక్కుంది. నేనే కుట్టుకున్నాను, వేలికి పొడుచుకుంటూ.

ఇట్లు,
వీధిలో అందరూ బొత్తాలమ్మ అని పిలిచే నేను. వయసు డెబ్బై దాటింది. ఇప్పుడు మా సూది, దాని నల్లచొక్కా ఉంటున్న ఇంట్లో, వీధివైపు గదిలో ఉంటున్నాను. పొద్దున్నే అతని పాటకో, దీని అరుపుకో గోడ అదురుతుంది. ఎవరు లేచారో దాన్ని బట్టే తెలుసుకుంటాను.