నేర్చుకున్న ఒళ్లు

"ఇంకొక్కసారి. కుడికాలు, నడుం ఎత్తుకి," అంది తాహెరా, కంప్యూటర్ మీంచి తల తిప్పకుండానే.

నీలవేణి కాలు గిర్రున లేచి, ఎదురుగా వేలాడుతున్న ఇసుక బస్తాకి దబ్బున తగిలింది. ఆ కాలు లేపింది నీలవేణి కాదు, ఒంటికి అతుక్కున్న నల్ల సూటు. కిక్‌బాక్సింగ్‌లో ఆరితేరినవాళ్లు తన్నేటప్పుడు ఏ కండరం ఎప్పుడు బిగుస్తుందో, ఎప్పుడు వదులవుతుందో రికార్డు చేసి, అదే వరసలో కొత్తవాళ్ల కండరాలకి చిన్న చిన్న కరెంటు పల్స్‌లు పంపుతుందది. కొన్నాళ్లకి సూటు విప్పేసినా ఒంటికి ఆ విద్య అబ్బేస్తుంది.

నీలవేణికి విద్య అక్కర్లేదు. ఆయాసం కావాలి.

కాకినాడ మీదుగా ఎగిరే సరుకుల డ్రోన్లకి దారి చూపించే ఉద్యోగం ఆవిడది. ఏళ్ల తరబడి కుర్చీలోనే కూర్చోవడంతో కాలేయానికి కొవ్వు పట్టేసింది. అదే కాలేయంలో ముక్క ఇప్పుడు కాలేయం చెడిపోయిన తమ్ముడు గవర్రాజుకి కావాలి. అతనికి సరిపడేది ఇంకెవరిదీ దొరకలేదు.

"కొవ్వు కరగందే కత్తి పెట్టనమ్మా," అన్నాడు డాక్టరు. "తిండి ఎలాగూ తగ్గించారు. గట్టిగా రొప్పొచ్చేలా ఒళ్లొంచండి. అతనికి ఆట్టే టైం లేదు."

వెంటనే కిక్‌బాక్సింగ్ క్లాసులో చేరింది. మొదటి తన్నుకే వెల్లకిలా పడింది. ఇలా నేర్చుకుంటూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని భయపడి, ఈ సూటు తయారుచేస్తున్న తాహెరా ల్యాబులో ప్రయోగానికి పేరిచ్చింది.

నెల తిరక్కుండా క్లాసులో అందరికంటే బాగా తన్నసాగింది. గెంతుతూ ఆసుపత్రికెళ్లింది. స్కానింగ్ చూసి డాక్టరు పెదవి విరిచాడు. కొవ్వు దాదాపు అంతే ఉంది.

వార్డులో గవర్రాజు కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. "పోన్లే అక్కా, నువ్వు మాత్రం ఎంతని చేస్తావ్," అన్నాడు. ఆ మాట వినగానే ఆవిడ తిన్నగా ల్యాబుకి పరిగెత్తింది.

"మీ సూటు నా కొంప ముంచింది మేడమ్!"

తాహెరా పాత రీడింగులన్నీ తిరగేసింది. మొహం పాలిపోయింది.

"తప్పు సూటుది కాదండీ, నాదే. బాగా వచ్చినవాళ్లు ఒంట్లో శక్తి వృథా చెయ్యరు. ఎంత కావాలో అంతే ఖర్చుపెడతారు. రానివాళ్లే తూలతారు, పడతారు, మళ్లీ లేస్తారు. ఒళ్లు కరిగేది అక్కడ. మీకు ఆ కష్టమే లేకుండా చేశాను."

"అయితే ఈ నేర్పు తీసెయ్యండి."

"అబ్బింది పోదండీ."

నీలవేణి బల్ల మీదున్న సూటు చేతిలోకి తీసుకుంది. "తన్నించే కరెంటే కదా ఇది? తిరగేసి పంపండి. నేను కాలు లేపినప్పుడల్లా నన్ను పడెయ్యండి."

"దెబ్బలు తగుల్తాయి."

"నా తమ్ముడు పోతున్నాడు మేడమ్!"

తాహెరా ప్రోగ్రాం మార్చింది. ఆ రోజు నుంచీ నీలవేణి తన్నబోతే మోకాలు సడలేది, గుద్దబోతే నడుం పక్కకి మెలిపడేది. పడింది. లేచింది. మళ్లీ పడింది. మోచేతులు కమిలిపోయాయి. రొప్పుతూ గోడకి ఆనుకుని ఏడ్చేది, ఏడుస్తూనే మళ్లీ కాలు లేపేది. ఈలోగా గవర్రాజుని ఐసీయూలోకి మార్చారు. ఫోన్ మోగితే చాలు, ఆవిడ తన్ను ఆపేసి దాని దగ్గరికి పరిగెత్తేది.

తర్వాతి స్కానింగ్ ఫిల్ము డాక్టరు రెండుసార్లు చూశాడు. "రేపే చేసేద్దాం," అన్నాడు.

ఆపరేషన్ అయింది. గవర్రాజు కళ్లు తెల్లబడ్డాయి. ఇద్దరినీ వార్డులో పక్కపక్క మంచాల మీదికి మార్చాక తాహెరా పళ్లు పట్టుకుని వచ్చింది. ఎందుకో మొహం చిన్నబుచ్చుకుని ఉంది.

"సూటు తయారుచేసి అమ్మడానికి ఓ కంపెనీ ఒప్పుకుందండీ."

"మంచిదేగా మేడమ్!"

"తన్నడం నేర్పేది కాదు. పడేసేదే కావాలట. ఫిట్‌నెస్ కోసం జనం ఎగబడి కొంటారంటున్నారు. మనిషికి తడబాటు లేకుండా చెయ్యాలని పదేళ్లు కళ్లు కాయలు కాచేలా పనిచేశాను. ఇప్పుడేమో తడబాటుకి పేటెంట్ నా పేరు మీదే తీసుకుంటారట!"

నీలవేణికి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వుకి కుట్లు చురుక్కుమన్నాయి. పొట్ట పట్టుకుని, "అమ్మా!" అని ఏడుస్తూనే నవ్వింది.