కారణం రాయాల్సిన గడి

మధ్యాహ్నం డిటెక్టివ్ గది మెట్లెక్కి వచ్చినావిడ కుర్చీలో కూర్చోలేదు, కూలబడింది. మందుల ఫ్యాక్టరీలో నిబంధనల అధికారిణి ఆమె. చట్టం ఏం చెబుతోంది, దాని ప్రకారం కంపెనీ పాలసీ ఏమిటి, ఏ తనిఖీ ఎన్నాళ్లకోసారి చెయ్యాలి, ఇవన్నీ కంప్యూటర్లో వరసగా అమర్చడం ఆమె పని. గడువు దగ్గరపడగానే ఆ సాఫ్ట్‌వేరే అందరికీ కబురు పెడుతుంది.

"బాయిలర్ వాల్వు మూడు నెలలకోసారి చూడాలండి. నేను అలాగే పెట్టాను. నాలుగు నెలల క్రితం అది ఏడాదికోసారి అని మారిపోయింది. కబురు రాలేదు, ఎవరూ చూడలేదు. పోయిన వారం వాల్వు పట్టేసి, ఆవిరి చిమ్మి బాయిలర్ చూసే మేస్త్రీగారి కుడిచెయ్యి కాలిపోయింది." మార్పుల జాబితా తీసి బల్లమీద పెట్టింది. "మార్పు నా పేరు మీదే ఉంది. ఎల్లుండి నన్ను తీసేస్తారు. ఉద్యోగం పోతే పోయింది. నేనే పొరపాటున మార్చానేమో, ఆయన చెయ్యి నావల్లే కాలిందేమో అని ముద్ద దిగడం లేదండి."

ఆ డిటెక్టివ్‌ను అందరూ నిదానంగారు అంటారు. తొందరన్నది ఆయన ఒంట్లోనే లేదు. ఆమె తెచ్చిన మార్పుల జాబితాను రెండుసార్లు చదివారు. ఏ మార్పు చేసినా ఒక గడిలో కారణం రాయందే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదట. అక్కడ ఇలా ఉంది: "14వ నియమం ప్రకారం ఏడాదికోసారి చాలు."

"కంప్యూటర్ తెరిచి వదిలేసి వెళ్తుంటారా?"

"టీకి వెళ్లేటప్పుడు... అవునండి," అని తలదించుకుంది.

మర్నాడు ఉదయం ఫ్యాక్టరీకి వెళ్లారు. వెంట ఆయన సహాయకురాలు. నిదానంగారు ఆవులించినా అందులో ఏదో ఆలోచన ఉందని నమ్మే మనిషి ఆవిడ.

మేస్త్రీ చేతికి కట్టుతోనే పనికొచ్చాడు. "కంప్యూటర్ సంగతులు నాకేం తెలుస్తాయి బాబూ. ఫలానా రోజున చూడమంటే చూస్తాను. మేడమ్‌ని మాత్రం ఏమీ అనకండి. పైనుంచి దిగొచ్చి ఎలా ఉన్నావని అడిగేది ఆవిడొక్కరే."

కంప్యూటర్ విభాగం ఆయనకు నియమాలు ఎక్కించిన సంగతి తలుచుకుంటేనే నీరసం వచ్చింది. "ఎనిమిది నెలల క్రితం ప్రభుత్వం కొత్త నిబంధనల పుస్తకం వేసిందండి. నంబర్ల వరసంతా మారిపోయింది. మేడమూ నేనూ కూర్చుని ఒక్కో నియమం మళ్లీ ఎక్కించేసరికి మూడు వారాలు పట్టింది. నా ప్రాణం మీదికొచ్చిందనుకోండి."

అధికారిణి గదికి ఆనుకునే ఉత్పత్తి మేనేజరు గది. బల్లమీద అట్ట వేసిన పాత పుస్తకమొకటి ఉంది.

"పాతికేళ్ల సర్వీసండీ. నిబంధనలన్నీ నాకు కంఠతా. ఈ సాఫ్ట్‌వేర్లు నిన్నమొన్న వచ్చినవి," అన్నాడు మేనేజరు.

"వాల్వు తనిఖీకి ఫ్యాక్టరీ ఎన్నాళ్లు ఆపాలి?"

"రెండు రోజులు. అదే తలనొప్పి. అయినా నియమం నియమమే కదా." నవ్వి టీ తెప్పించాడు.

మెట్లు దిగుతూ సహాయకురాలు ఆగలేక అడిగింది: "ఏమైనా తేలిందాండీ?"

"టీ బాగుంది," అన్నారు నిదానంగారు.

ఆ మరుసటి రోజు ఫ్యాక్టరీ యజమానురాలి గదిలో నలుగురినీ కూర్చోబెట్టి తలో చీటీ ఇచ్చారు. "బాయిలర్ వాల్వు గురించి చెప్పేది ఎన్నో నియమం? పుస్తకం చూడకుండా రాయండి."

"రాయడానికి చెయ్యి లేదు, చెప్పడానికి నాకు తెలీదు," అన్నాడు మేస్త్రీ.

అధికారిణి 23 అని రాసింది. కంప్యూటర్ ఆయనా అంతే. మేనేజరు చీటీలో 14 ఉంది.

"కొత్త పుస్తకంలో పద్నాలుగోది తాగునీటి కుళాయిల గురించి," అన్నారు నిదానంగారు. "ఈ వరసంతా దగ్గరుండి ఎక్కించినవాళ్లు ఇద్దరు. ఇద్దరికీ ఇరవైమూడే గుర్తుంది. మేస్త్రీకి ఏ నంబరూ తెలీదు. మేనేజరుగారూ, ఆవిడ టీకి వెళ్లారు, తెర తెరిచే ఉంది, మీది పక్కగది. కారణం రాయమని గడి అడిగితే నోటికొచ్చిన నంబరు రాసేశారు. మీ నోటికొచ్చింది పాత పుస్తకం. అందులో వాల్వుది పద్నాలుగు."

మేనేజరు చీటీని రెండుగా మడిచాడు. "రెండు రోజులు ఆపితే ఆర్డరు చెయ్యిదాటిపోయేది. ఒక్కసారికి గడిపేసి, మళ్లీ మార్చేద్దామనుకున్నాను. మర్చిపోయాను."

మేస్త్రీ నెమ్మదిగా అన్నాడు. "నాతో ఒక్క మాట అంటే ఆదివారం వచ్చి చేసిపెట్టేవాణ్ణి కదయ్యా."

అధికారిణికి వారం రోజులుగా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా వచ్చేసింది. యజమానురాలు లేచి ఆమె భుజం మీద చెయ్యి వేసి, మేనేజరును అక్కడే ఉండమంది.

కాసేపటికి అధికారిణి తన గదికి వెళ్లి, ఏడాదిని మళ్లీ మూడు నెలలు చేసింది. కారణం రాయమని గడి అడిగింది. ఆమె ఏ నంబరూ వెయ్యలేదు. "మేస్త్రీగారి చెయ్యి కాలింది" అని రాసింది. తరవాత తెర మూసి, మూసిందో లేదో రెండుసార్లు చూసుకుని, టీకి లేచింది.