మెడ తిరగని డ్రైవరు

రోడ్డు ఖాళీగా ఉంది. ఎండ చురుక్కుమనడం లేదు. స్టీరింగు చేతిలో ఉంది. ఇంతకంటే సుఖమేముందని పాట అందుకుంటూ అతను పక్క వీధిలోకి తిరిగాడు. తిరిగీ తిరగగానే ఓ చిన్న తెల్ల కారు, సరిగ్గా అతని ముక్కుకి సూటిగా వచ్చి ఆగింది.

అతను హారన్ కొట్టాడు. ఈ దేశంలో కార్లకి హారన్ ఉంటుందే తప్ప ఎవరూ కొట్టరన్న సంగతి అతనింకా గమనించలేదు. రెండు మూడు కిటికీలు తెరుచుకున్నాయి.

తెల్ల కారు కదల్లేదు. అతను ఇంకోసారి గట్టిగా కొట్టి, అద్దం దించి తల బయటపెట్టాడు. ఎలాగూ ఎవరికీ అర్థం కాదన్న ధైర్యంతో తెలుగులోనే అరిచాడు.

"ఏమమ్మా! రాంగ్ సైడులో వచ్చిందే కాక మళ్ళీ ఆ చూపేంటి? నీకు లైసెన్సిచ్చిన మహానుభావుడెవరు?"

తెల్ల కారులోంచి నీలం యూనిఫాం వేసుకున్న అమ్మాయి దిగింది. తాపీగా నడిచొచ్చి అతని కిటికీ దగ్గర వంగింది.

"నాకు ఈ దేశం వాళ్ళే ఇచ్చారండీ. మీకెవరిచ్చారు?"

అచ్చ తెలుగు! అతని తల తాబేలు తలలా లోపలికెళ్ళిపోయింది.

"మన... మనూళ్ళో..."

"మనూళ్ళో ఎడమ పక్కనండీ. ఇక్కడ కుడి పక్క. మీ పక్కన పార్క్ చేసిన కార్లు ఎటు చూస్తున్నాయో ఓసారి చూడండి."

చూశాడు. అన్నీ వరసగా అతని వైపే మొహాలు పెట్టి నిలబడ్డాయి.

"నేను పన్నెండేళ్ళుగా నడుపుతున్నానండీ," అన్నాడు. ఆ మాట ఇప్పుడెందుకన్నాడో అతనికే తెలియదు.

"సంతోషం. రివర్సు వచ్చా?"

ఆమె చేత్తో సైగలు చేస్తుంటే, "రానివ్వండి, రానివ్వండి, చాలు" అంటుంటే, పన్నెండేళ్ళ డ్రైవరు బుద్ధిగా వీధి చివరి దాకా వెనక్కి వెళ్ళాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో కాలింగ్ బెల్ మోగింది. అతనుంటున్నది అక్కా బావల దగ్గర. కళ్ళద్దాలు తయారుచేసే ల్యాబులో లెన్సులు అరగదీసే ఉద్యోగం దొరికి కొన్ని నెలల క్రితమే వచ్చాడు. ఈలోగా బావ బల్బు మార్చబోయి, స్టూలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. దాంతో కారు తాళాలు బామ్మర్ది చేతికొచ్చాయి. కట్టు విప్పాక వ్యాయామాలు చేయించడానికి ఫిజియోథెరపిస్టు వస్తుందని అక్క పొద్దున్నే చెప్పింది.

తలుపు తీశాడు. నీలం యూనిఫాం.

"ఓ! హారన్ గారు!" అంది ఆమె.

"మీకు ముందే తెలుసా?" అక్క ఆశ్చర్యపోయింది.

"రోడ్డు మీద ఎదురుపడ్డామండీ," అంది ఆమె. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ రోజు నుంచి ఆమె వచ్చే వేళకి అతనికి ఇంట్లో ఏదో ఒక పని పడుతూనే ఉంది. ఓ రోజు కర్టెన్లు సరిచేశాడు. ఓ రోజు, శుభ్రంగా ఉన్న అలమరనే మళ్ళీ తుడిచాడు.

"నడవాల్సింది నేను," అన్నాడు బావ. "నువ్వెందుకు బామ్మర్దీ ఇల్లంతా పచార్లు చేస్తున్నావు?"

ఆమె నవ్వు ఆపుకోవడానికి బావ మడమని కాస్త గట్టిగానే నొక్కింది. బావ కెవ్వుమన్నాడు.

ఇదిలా ఉండగా, పాత దేశపు లైసెన్సు ఇక్కడ కొన్ని నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత ఇక్కడి టెస్టు పాసవ్వాల్సిందే. అక్క గుర్తుచేసినప్పుడల్లా, "నాకు టెస్టేంటక్కా? కావాలంటే నేనే వాళ్ళకి నేర్పుతాను," అనేవాడు. అలా అంటూ అంటూ గడువు దాటిపోయింది. ఇంక తప్పక బస్సెక్కి టెస్టుకి వెళ్ళాడు.

టెస్టు కారులో పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎంతో మర్యాదగా ఫెయిల్ చేశాడు.

"మీరు బాగా నడుపుతారు. కానీ ఒక్కసారి కూడా భుజం మీదుగా వెనక్కి చూడలేదు."

"అద్దంలో చూశాను కదా!"

"అద్దంలో కనపడని చోటొకటి ఉంటుంది బాబూ."

అద్దాలు అరగదీసి బతికేవాడికి అద్దాల గురించి పాఠం! తోటకూర కాడలా వాలిపోయి ఇంటికొచ్చాడు. ఆ వేళకి ఆమె బావ కాలు ఎత్తి పట్టుకుని ఉంది.

"పాసేగా?" అంది అక్క.

ఆమె కూడా తలెత్తి చూసింది. ఆ చూపు ముందు నిజం చెప్పబుద్ధి కాలేదు.

"పాసే!"

"అమ్మయ్య! అయితే ఆ అమ్మాయిని ఇంటి దగ్గర దింపిరా. తన కారు సర్వీసులో ఉందట. బయట వాన దంచేస్తోంది."

అతను తాళాల కోసం సోఫా కింద వెతికాడు. వంటింట్లో వెతికాడు. ఫ్రిజ్ తెరిచి కూడా చూశాడు.

"మీ జేబులో ఏదో గలగలమంటోందండీ," అంది ఆమె.

ఇద్దరూ కారెక్కారు. వాన పైకప్పు మీద దరువు వేస్తోంది. అతను బెల్టు పెట్టుకున్నాడు. తాళం చేతిలోనే ఉంది. ఊరికే కూర్చున్నాడు.

"ఏమైందండీ?"

"నేను ఫెయిలయ్యాను. పాత లైసెన్సు కూడా చెల్లదు. ఈ కారు నేను నడపకూడదు."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"మరి ఇంట్లో అలా ఎందుకన్నారు? రేపు మీ అక్కగారిని ఎక్కించుకుని వెళ్ళేవారా?"

"లేదండీ, రేపటికి..." రేపటికి ఏం చెయ్యాలనుకున్నాడో అతనే ఆలోచించుకోలేదు.

"నేను రోజంతా విరిగిన ఎముకలే చూస్తానండీ. అందులో సగం, ఏం కాదులే అనుకుని నడిపినవాళ్ళవే. మీరు గనక స్టార్ట్ చేసుంటే దిగిపోయి, మళ్ళీ మీ మొహం చూసేదాన్ని కాదు."

అతని చెవులు కాలిపోయాయి. తాళం తీసి ఆమె చేతిలో పెట్టేశాడు.

"ఇంతకీ ఎందుకు ఫెయిల్ చేశారు?" అంది ఆమె, గొంతు కొంచెం తగ్గించి.

"మెడ తిప్పలేదట."

"ఏదీ, తిప్పండి."

ఎడమ వైపు తిప్పాడు. బానే తిరిగింది. కుడి వైపు, అంటే ఆమె కూర్చున్న వైపు, తుప్పు పట్టిన కుళాయిలా సగంలోనే ఆగిపోయింది.

"ఇంకా."

"ఇంతేనండీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వంగి లెన్సులు అరగదీస్తాం కదా. మనూళ్ళోనూ ఇదే పని. ఏళ్ళే అయింది."

"మీ బావగారికి వ్యాయామాలు చేయిస్తూ మీ ఇంటికే వస్తున్నాను. ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"పన్నెండేళ్ళ డ్రైవర్ని. మెడ తిరగదని మీకెలా చెప్పుకోను?"

ఆమె రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని అతను హడలిపోయాడు. నవ్వుతోంది.

"ముందు లోపలికెళ్ళి నిజం చెప్పండి," అంది.

చెప్పాడు. అక్క "ఒరేయ్!" అని చెయ్యెత్తింది. బావ నవ్విన నవ్వుకి సోఫా ఊగింది. "కాలు కదపకండి!" అని ఆమె గుమ్మంలోంచే కేకేసింది. ఆ సాయంత్రం ఒకే గొడుగు కింద ఆమెని బస్టాపు దాకా దిగబెట్టాడు. గొడుగు మొత్తం ఆమె వైపే వంచడంతో ఇంటికొచ్చేసరికి అతని ఎడమ సగం పిండితే బకెట్ నిండేలా ఉంది.

ఆ తర్వాత బావ కాలితో పాటు బామ్మర్ది మెడకీ వ్యాయామం మొదలైంది. కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె అతని కుడి భుజం వెనక నిలబడేది.

"గడ్డం భుజం మీదకి రావాలి. నన్ను చూడండి."

ఇంత కమ్మని వైద్యం ఉంటుందని అతనెప్పుడూ వినలేదు. మొదట్లో ఆమె చెయ్యి మాత్రమే కనపడేది. కొన్నాళ్ళకి జడ కనపడింది. ఆ తర్వాత చెవి దుద్దు. ఓ రోజు మొహం మొత్తం కనపడింది. ఆ రోజు తిప్పిన మెడ మళ్ళీ ముందుకి రాలేదు.

"చాలు, ఇటు తిరగండి."

"పట్టేసిందండీ."

"అబద్ధం."

"అవును."

సెలవు రోజుల్లో కారుకి ఎల్ బోర్డు తగిలించి, లైసెన్సున్న మనిషిగా ఆమె పక్కన కూర్చుంటే నడిపేవాడు. ల్యాబులో తోటివాళ్ళు రోడ్డు మీద ఆ బోర్డు చూసి చేతులూపారు. ఒకప్పుడైతే సీటు కిందకి దూరేవాడు. ఇప్పుడు తనూ చెయ్యూపాడు. హారన్ మాత్రం కొట్టలేదు.

రెండోసారి టెస్టు పాసయ్యాడు. బయటికొచ్చేసరికి ఆమె కారు దగ్గర నిలబడి ఉంది. ఎగిరి గంతేయబోయాడు.

"బావగారి కాలు బాగైంది," అంది ఆమె. "మీ మెడా బాగైంది. ఇంక మీ ఇంట్లో నాకు పని లేదు."

గంతు సగంలోనే ఆగిపోయింది. ఇదొకటుందని అతనికి తట్టనే లేదు. దారంతా వెనక్కీ పక్కకీ పద్ధతిగా చూసుకుంటూ నడిపి, ఆమె ఇంటి ముందు ఆపాడు. ఆమె దిగలేదు.

"నాకీమధ్య నడుము..." మొదలుపెట్టాడు.

"నడుముకేమైంది?"

"నొప్పి వచ్చేలా ఉందండీ."

"మాట తిప్పకండి."

"మెడ తిరగడం మొదలయ్యాక అన్నీ తిరుగుతున్నాయండీ." అని, గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "మీరు రాకపోతే నాకు బాగుండదు. కాలి కోసం, మెడ కోసం కాదు. ఊరికే రండి. రోజూ రండి. వచ్చాక మళ్ళీ వెళ్ళకండి."

ఆమె కిటికీ వైపు తిరిగింది. చెవి అంచులు ఎర్రబడ్డాయి.

"మా అమ్మకి మీ గురించి ఎప్పుడో చెప్పాను."

"ఏమని?"

"పొగరుందమ్మా, కానీ అబద్ధం అరగంట కూడా దాచుకోలేడు అని. ఇంట్లోనే ఉంది, మాట్లాడతారా?"

వద్దనేలోపే ఫోన్ మోగించి అతని చేతిలో పెట్టింది. అవతల "హలో" అన్న పెద్దావిడ గొంతు వినగానే అతని బుర్ర ఖాళీ అయిపోయింది.

"నమస్కారం అత్తయ్యా!" అనేశాడు.

ఆమె కళ్ళు పెద్దవి చేసి అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది. ఎక్కడికైనా పారిపోదామంటే బెల్టు పెట్టుకుని ఉన్నాడు.

చివరికి ఫోన్లో గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"అల్లుడుగారూ, బండి నడుపుతూ ఫోన్ మాట్లాడటం లేదు కదా?"

"లేదండీ," అన్నాడతను, తడబడుతూ. "మీ ఇంటి ముందే ఆపేశాను."